ఫైటర్‌కి జబ్బు ఉండదు

మా నాన్న ఫాదర్ గారిని రోగుల నూనె అడిగింది చావబోతూ కాదు, దూకబోతూ.

నాన్న సినిమాల్లో ఫైటర్. హీరోలకి డూప్ చేసేవాడు. హీరో మేడ మీంచి దూకుతాడని మీరు చప్పట్లు కొట్టిన చోటల్లా, ఆ దూకేవాడి వీపు చూసి మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. హీరో లేచి దుమ్ము దులుపుకుంటూ ఇటు తిరిగేసరికి మా చప్పట్లు ఆగిపోయేవి. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూసినా మేం లెక్కచేసేవాళ్ళం కాదు. ఎవరి గర్వం వారిది.

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకి తరలినప్పుడు నాన్న కూడా దానితోపాటే తరలివచ్చాడు. మాది గుంటూరు వైపు పల్లె, తాతల నాటి నుంచి కతోలికులం. సినిమా పనివాళ్ళంతా ఉండే కృష్ణానగర్ సందులో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. అమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని, ఫైటర్లు బట్టల లోపల కట్టుకునే మెత్తలు కుట్టేది. మోకాళ్ళకి, మోచేతులకి, నడుముకి, ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడ. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నోరు కాస్త పెద్దదే నాకు, అది నాన్న పోలికని అమ్మ, అమ్మ పోలికని నాన్న అనేవారు.

కృష్ణానగర్‌లో మనిషి ఆరోగ్యం ఇంటి విషయం కాదు, బజారు విషయం. ఎవరికైనా జ్వరమొచ్చిందంటే మందుల షాపు కంటే ముందు వేషాలిప్పించే ఏజెంట్లకి తెలిసేది. మర్నాటి వేషం ఇంకొకరికి వెళ్ళిపోయేది. డాన్సర్లు వాచిన కాళ్ళకి గుడ్డ చుట్టుకుని నవ్వుతూ బస్సెక్కేవాళ్ళు. ఫైటర్ల సంగతి ఇంకా కఠినం. ఫైటర్‌కి జబ్బు ఉండదు. ఉంటే వాడు ఫైటర్ కాదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ప్రతివాడూ నోరు కట్టుకునేవాడు. షాటుకి ముందు ఫైట్ మాస్టర్ మైకులో ‘అందరూ రెడీనా’ అని అడగడం, వీళ్ళు ‘రెడీ మాస్టర్’ అని అరవడం, అంతే. ఆ ప్రశ్నకి వేరే జవాబుందని ఎవరూ అనుకోలేదు.

ఆ సంవత్సరం నాన్న చేతిలోంచి వస్తువులు జారడం మొదలైంది. మొదట టీ గ్లాసు. తరవాత స్కూటర్ తాళం. కుడిచేయి తిమ్మిరెక్కి, వేళ్ళు సగం ముడుచుకునే ఉండేవి. మెడ దగ్గర మెత్త కాస్త మందంగా కుట్టమని అడిగినప్పుడే అమ్మకి అర్థమైంది. దెబ్బ తగలబోయే చోట మెత్త అడగడం మామూలే, కానీ మెడకి ఎవరూ అడగరు. పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మెడలో ఎముక జరిగి నరాన్ని నొక్కుతోందని, ఆపరేషన్ చెయ్యాలని, ఈలోగా ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే కాళ్ళూ చేతులూ పడిపోతాయని ఆయన చెప్పాడు. నాన్న డాక్టరుకి దండం పెట్టి బయటికొచ్చి, ఈ మాట గడప దాటకూడదని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటికే ఓ సినిమాలో పెద్ద దూకుడొకటి ఒప్పుకుని ఉన్నాడు. జూబ్లీహిల్స్‌లో రాళ్ళు పగలగొట్టి కొత్తగా కడుతున్న ఓ మేడ. దాని మూడో అంతస్తు కిటికీ అద్దం పగలగొట్టుకుని, కింద పేర్చిన అట్టపెట్టెల మీదికి, వాటి మీద వేసిన పరుపుల మీదికి దూకాలి. పెద్ద హీరో, పెద్ద సినిమా. ఆ హీరో వీపుకి నాన్న వీపు తప్ప ఇంకోటి సరిపోదని మాస్టర్ నలుగురిలో అన్నారట. ఆ ఒక్క మాటకి నాన్న మెడేమిటి, తలే ఇచ్చేసేవాడు.

అక్కడ పుట్టింది నూనె ఆలోచన. దానికో కథ ఉంది. మా తాతకి విషజ్వరం వచ్చి ఊరంతా ఆశ వదులుకున్నప్పుడు గురువుగారొచ్చి నుదుటికి, చేతులకి పవిత్ర తైలం పూశారట. అప్పటివాళ్ళు దాన్ని అవస్థ అభ్యంగనం అనేవారు. అది పెట్టించారంటే ఇక పాడె కట్టడమే తరువాయి అనుకునేవారు. మా తాత మాత్రం మర్నాడు లేచి గంజి అడిగి, ఆ తరవాత మనవల పెళ్ళిళ్ళు కూడా చూసి పోయాడు. అందుకని ఆ నూనె పేరు చెబితే అందరి ఇళ్ళలో ఏడుపులు, మా ఇంట్లో ధైర్యం. ‘మా నాన్నని లేపిన నూనె నన్ను క్షేమంగా కిందికి దించలేదా’ అన్నది నాన్న వాదన. సినిమావాళ్ళు షాటుకి ముందు గుమ్మడికాయ కొడతారు, కర్పూరం వెలిగిస్తారు, తోటి ఫైటర్లలో ముస్లిములు దువా చదువుకుంటారు. తనకి మాత్రం ఒట్టి సిలువ గుర్తుతో సరిపెట్టడం అన్యాయమని ఆయన బాధ.

ఆ ఆదివారం పూజ అయ్యాక మా చర్చి ఆవరణలో ఫాదర్ గారిని ఆపి అడిగేశాడు. ఫాదర్ గారు నెమ్మదైన మనిషి. నవ్వలేదు, కోప్పడలేదు. ఇది తాయెత్తు కాదని, ప్రమాదంలోకి వెళ్ళేవాళ్ళకి దీవెన ఉంటుందిగానీ నూనె ఉండదని, యుద్ధానికి వెళ్ళే సిపాయికైనా ఇవ్వరని, ఇది రోగంతో పోరాడేవాళ్ళ కోసమని విడమరిచి చెప్పారు. దీవెన అందరికీ ఇస్తారు కదండీ, నాకు నూనే కావాలని నాన్న పట్టుబట్టాడు.

ఫాదర్ గారు ఆయన్ని కాసేపు చూసి అడిగారు.

“నీకేమైనా జబ్బుందా? ఉంటే ఇప్పుడే గుడిలోకి రా, పెడతాను.”

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల వైపు చూసింది. పక్కనే కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంటు ఆయన, ఆయన భార్య నిలబడి ఎవరి పిల్లాడి బాప్టిజం గురించో మాట్లాడుతున్నారు. ఇద్దరు ఫైటర్లు గేటు దగ్గర బళ్ళు తీస్తున్నారు.

“ఏమీ లేదండీ. రాయిలా ఉన్నాను,” అన్నాడు నాన్న.

ఫాదర్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపారు. కావాల్సిన నూనె చేతికందే దూరంలో ఉంది. అడిగిందల్లా ఒక్క నిజం. ఆ నిజం చెబితే నూనె వస్తుంది, దూకుడు పోతుంది. చెప్పకపోతే దూకుడు ఉంటుంది, మెడ ఉంటుందో లేదో తెలియదు. నాకైతే ఆ క్షణంలో నాన్నని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

స్కూటర్ మీద ముగ్గురం ఇంటికొస్తుంటే అమ్మ ఒక్కటే మాట అంది. జబ్బు లేదని గుడి ముందు నిలబడి అబద్ధమాడారు, దానికి ఫాదర్ గారి ముందు పాపసంకీర్తనం ఎప్పుడు చేస్తారని. నాన్న హారన్ కొట్టాడు. ముందు ఎవరూ లేరు.

మర్నాడు అమ్మ సమ్మె మొదలుపెట్టింది. అరవలేదు, ఏడవలేదు, అన్నం మానెయ్యలేదు. మెడ మెత్త మాత్రం కుట్టనంది. మోకాలి మెత్తలు కుట్టింది, నడుము మెత్త కుట్టింది, ఊళ్ళో ఫైటర్లందరివీ కుట్టింది. మెడది కత్తిరించిన గుడ్డ గుడ్డలాగే మిషను పక్కన పెట్టింది.

“మాస్టర్‌కి చెప్పి రండి, అప్పుడు కుడతాను. చెప్పకుండా దూకే మెడకి నా చేత్తో దారం ఎక్కించను,” అంది.

చెప్పాక ఇక మెత్తెందుకే పిచ్చిదానా అని నాన్న అరిచాడు. అమ్మ మిషను తొక్కుతూనే ఉంది. వారమంతా ఇల్లు అలాగే నడిచింది. నాన్న పైకి ఈల వేస్తూ తిరిగేవాడు. షర్టు బొత్తాలు పెట్టుకోవడానికి మాత్రం పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు, ఎంతసేపు పడుతోందో మాకు తెలియకూడదని. మాకు తెలుసు.

షాటుకి ఇంకో మూడునాలుగు రోజులుందనగా లూర్దుమాత పండుగ ఆదివారం వచ్చింది. ఏటా ఆ రోజు మా గుడిలో రోగులందరికీ కలిపి అభ్యంగనం జరిగేది. ముందు బెంచీలన్నీ వాళ్ళకే వదిలేసేవారు. చక్రాల కుర్చీల వాళ్ళు, కళ్ళకి అద్దాల మీద అద్దాలున్న ముసలమ్మలు, డయాలసిస్ చేయించుకునే ఒకాయన, కొడుకుల భుజాల మీద చేతులేసి వచ్చిన పెద్దలు కూర్చునేవారు. నాన్న ఎప్పట్లాగే వెనక తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సినిమావాళ్ళ చోటది, ఫోనొచ్చినా కబురొచ్చినా జారుకోవడానికి వీలుగా. ఆ ఇద్దరు ఫైటర్లు కూడా అక్కడే ఉన్నారు. వాళ్ళలో చిన్నవాడు, సిద్దిపేట వైపు కుర్రాడు, నాన్న దగ్గరే పడటం నేర్చుకున్నాడు. క్రైస్తవుడు కాడు, స్నేహితుడి కోసం వచ్చేవాడు.

ఫాదర్ గారు ప్రసంగం చిన్నగా చేశారు. అభ్యంగనం చనిపోయేవాళ్ళకని భయపడి చాలామంది దాక్కుంటారని, మంచం మీద ఉన్నవాళ్ళే రోగులు కారని, నడిచి వచ్చినవాళ్ళలో కూడా ఉంటారని అన్నారు. ఆయన వెనక తలుపు వైపు చూడలేదు. నేను ప్రత్యేకంగా గమనించాను. చూసి ఉంటే నాన్న కచ్చితంగా బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆయన తైలం గిన్నె తీసుకుని మొదటి వరసకి వచ్చారు. ఒక్కొక్కరి తల మీద చేతులుంచి మౌనంగా ప్రార్థించి, నుదుట సిలువ గుర్తు వేసి, అరచేతుల్లో పూస్తున్నారు. గాయకబృందం మెల్లగా పాడుతోంది. అప్పుడు మగవాళ్ళ వైపు నడవలో బూట్ల చప్పుడు వినిపించింది. తల తిప్పి చూశాను.

నాన్న నడిచి వస్తున్నాడు.

మేడల మీంచి, రైళ్ళ మీంచి, మండుతున్న కార్లలోంచి దూకడం చూశాను నేను. వాటన్నిటికీ నాలో గర్వం ఉండేది, నిజమే. కానీ ఆ నడవలో, తన బతుకంతా తెలిసిన ఆ గుంపు మధ్యలోంచి, తలెత్తుకుని రోగుల బెంచీ వైపు నడుస్తుంటే నాకా గర్వం గుండెలో పట్టలేదు. పక్కనున్న అమ్మ నా చెయ్యి నొక్కి పట్టుకుంది. జనం మెడలు తిప్పి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. బాగా చూడండి, ఆయన మా నాన్న.

చక్రాల కుర్చీ పక్కన ఖాళీలో కూర్చున్నాడు. ఫాదర్ గారు ఆయన దగ్గరికి వచ్చి ఏమీ అడగలేదు. నుదుట పూశారు. ఎడమ అరచేతిలో పూశారు. కుడిచేయి చాచాడు నాన్న, వేళ్ళు విచ్చుకోలేదు. ఫాదర్ గారు ఆగారు. తొందరపెట్టలేదు, ముడిచిన వేళ్ళ మీద పూసి సరిపెట్టనూ లేదు. నాన్న అందరూ చూస్తుండగా ఎడమ చేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే విప్పి, అరచేయి తెరిచి పట్టుకున్నాడు. ఇంట్లో తలుపేసుకుని చేసిన పని గుడి నడిబొడ్డున చేశాడు. ఆ అరచేతిలో నూనె పెట్టారు ఫాదర్ గారు.

మేం ఇంటికి చేరేలోపే వార్త చేరింది. అదీ తిన్నగా చేరితే కృష్ణానగర్ ఎందుకవుతుంది? గుడిలో పెద్దవాళ్ళు పాత పేరుతో ‘అవస్థ నూనె పెట్టించుకున్నాడ’న్నారు. దాన్ని కాస్ట్యూమ్ ఆయన భార్య ‘ఆఖరి నూనె’ చేసింది. సందు మొదట్లోకి వచ్చేసరికి మా నాన్న ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ఇంటి ఓనరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది.

“నిన్న గూడ ఈలేసుకుంట తిరిగిండు గదనే. గింతల్నే ఏమైంది బిడ్డా?” అని నన్ను పట్టుకుంది.

లోపల నాన్న మటన్ పులుసుతో అన్నం తింటున్నాడు. మేకప్ ఆయన బత్తాయిలు తెచ్చాడు. డాన్సర్ పిల్లలు కొబ్బరిబోండాలు తెచ్చారు. ఊరికి కబురు పెట్టారా అని ఒకాయన అమ్మని చెవిలో అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, మా నాన్న భోజనం చేస్తున్నాడు, పోవడానికి తీరికలేదు, చెయ్యి కడుక్కున్నాక రండని చెప్పాను. నాన్న లోపలి నుంచి ఇంకాస్త పులుసు వెయ్యమని గట్టిగా కేకేశాడు. వచ్చినవాళ్ళు ఆ కేక విని కాస్త నిరాశపడినట్టే కనిపించారు.

నవ్వులు అంతటితో అయిపోయాయి. సాయంత్రం మాస్టర్ కారు సందు చివర ఆగింది. ఆయన మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఓనరమ్మతో సహా అందరూ పక్కకి తప్పుకున్నారు. ఆయన కూర్చోలేదు.

“ఏరా, నా దగ్గర దాచావా?” అన్నారు.

ఎలాగైనా సర్దిచెబుతాడేమోనని భయపడ్డాను. మా గుళ్ళో పండక్కి అందరికీ పూస్తారు మాస్టర్, అంటే సరిపోతుంది. మాస్టర్ క్రైస్తవులు కారు, నమ్మేస్తారు. నాన్న లేచి నిలబడ్డాడు.

“దాచాను మాస్టర్. మెడ పోయింది. ఈ చేతికి పట్టు లేదు. నాకు జబ్బు,” అన్నాడు.

మాస్టర్ ఆ చేతిని పట్టుకుని వేళ్ళు కదిపి చూశారు. తరవాత, దూకడం ఆ సిద్దిపేట కుర్రాడు చేస్తాడని, వాడి వీపు సరిపోకపోయినా సరిపెడతానని అన్నారు. నాన్న తల ఊపాడు. ఆ తల ఊపడానికి ఎంత ఖర్చయిందో మా అమ్మకి, నాకు తెలుసు. గుమ్మం దాకా వెళ్ళిన మాస్టర్‌ని మళ్ళీ పిలిచి, కింద పెట్టెలు పేర్పించేది, పరుపులు వేయించేది తనే చేస్తానని అడిగాడు. మాస్టర్ సరేనన్నారు.

షాటు రోజున అమ్మ కుట్టిన మెత్తలు తీసుకుని నేనే వెళ్ళాను. ఆ కొండరాళ్ళ మధ్య ఎండ మండిపోతోంది. హీరో గొడుగు కింద ఉన్నాడు. నిర్మాత వాచీ చూసుకుంటున్నాడు. నాన్న పెట్టెల చుట్టూ తిరుగుతూ, కాలితో తన్ని, సందులు పూడ్పించి, పరుపులు ఇటు జరిపించి అటు జరిపించి యూనిట్‌ని విసిగిస్తున్నాడు. పైన కిటికీలో హీరో బట్టల్లో కుర్రాడు కనిపించాడు. గుమ్మడికాయ కొట్టారు. కెమెరాలు సిద్ధమయ్యాయి.

మాస్టర్ మైకు అందుకున్నారు.

“అందరూ రెడీనా?”

కింద ఉన్న ఫైటర్లు రెడీ మాస్టర్ అని అరిచారు. పై నుంచి జవాబు రాలేదు. మాస్టర్ మళ్ళీ అడిగారు. కుర్రాడు కిందికి చూశాడు. మాస్టర్‌ని కాదు, పెట్టెల పక్కన నిలబడ్డ నాన్నని.

“మాస్టర్, కాలు మంచిగ లేదు. మడమ వాచింది. పొద్దుగాల సంది తొక్కనిస్తలేదు.”

నిర్మాత ఏదో అనబోయాడు. కృష్ణానగర్ పుట్టాక ఆ ప్రశ్నకి అలాంటి జవాబు ఎవరూ విని ఉండరు. మాస్టర్ మైకు దించి నాన్న వైపు తిరిగారు. నాన్న అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు. మాస్టర్ మైకు మళ్ళీ ఎత్తి, వాణ్ణి దించండి, ఇవాళ్టికి ప్యాకప్ అన్నారు.

కుర్రాణ్ణి ఎడమ భుజం మీద ఆనించుకుని నాన్న మెట్లు దిగాడు. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మడమలో ఎముక చిట్లి ఉందని తేలింది. ఆ నెల్లోనే నాన్న ఆపరేషన్ కూడా అయింది. ఆ తరవాత ఆయన దూకలేదు. ఎవరైనా దూకే ముందు పైకి వెళ్ళి, ఎక్కడ నొప్పి అని విడిగా అడిగి వచ్చే పని మాస్టర్ ఆయనకే అప్పగించారు. కానీ అదంతా తరవాతి మాట.

ఆ రోజు సాయంత్రం నాన్నా నేనూ ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. పొద్దుటి నుంచి జపమాల చేత్తోనే తిరుగుతోందట. ఎవరికీ ఏమీ కాలేదు కదా, షాటు అయిందా, చివరికి ఎవరు దూకారని గుక్క తిప్పుకోకుండా అడిగింది.

నాన్న మీసం మీద చెయ్యి వేశాడు. ఏ సినిమా విడుదలైన రోజునా అంత గర్వంగా నేనాయన్ని చూడలేదు.

“ఎవరూ దూకలేదే,” అన్నాడు.